పిల్లల ఆరోగ్యం: మనకు అప్పగించబడిన అమానతు

  

 

మగ్‌రిబ్ నమాజు ముగియగానే మన మసీదు మెట్ల వద్ద కనిపించే దృశ్యం మీ అందరికీ తెలిసినదే. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకొని ఒక తల్లి, దగ్గుతో ఎగపోస్తున్న మనుమణ్ణి ఎత్తుకొని ఒక నానమ్మ, చేతిలో నీళ్ళ సీసా పట్టుకొని ఒక తండ్రి నిలబడి ఉంటారు. దువా చదివి ఊదమంటారు. ఈ నమ్మకం మంచిదే. వ్యాధిగ్రస్తుల కొరకు దుఆ చేయటం మన ప్రవక్త (స) వారి సంప్రదాయం. దానిని మేము నిన్నా చేశాము, ఇన్షా అల్లాహ్ రేపూ చేస్తాము. అయితే ఆ మెట్లపై నిలబడి మేము చేసిన ఒక పొరపాటును ఈ రోజు మీ ముందు చెప్పుకొనదలచాము. దాని వలన ఒక్క ఇంటికి మేలు జరిగినా చాలు.

సుమారు 20 ఏళ్ళ క్రితం మేము ఒక చిన్న పట్టణంలో ఇమాముగా ఉండేవారము. వానాకాలం. ఇషా నమాజు తరువాత ఒక యువతి, ఆమె అత్తగారు 11 నెలల బాబును తీసుకొని వచ్చారు. "హజ్రత్, పొద్దుటి నుండి వాంతులు, విరేచనాలు. ఎవరి నజరో తగిలింది. కాస్త దమ్ చేయండి" అన్నారు పెద్దామె. మేము దువాలు చదివి ఊదాము. బిడ్డ ఏడవటం లేదు. నిశ్శబ్దంగా తల్లి భుజంపై వాలి ఉన్నాడు. నెమ్మదించాడని అనుకున్నాము. ఒంట్లో నీరు ఇంకిపోయిన బిడ్డకు ఏడవటానికి కూడా ఓపిక ఉండదనీ, ఏడ్చినా కన్నీరు రాదనీ ఆనాడు మాకు తెలియదు. తల్లి ఏదో చెప్పబోయి, అత్తగారి వైపు చూసి ఊరకుండిపోయింది. "అల్లాహ్ షిఫా ఇస్తాడు, ఇంటికి వెళ్ళండమ్మా" అని పంపివేశాము.

ఫజ్ర్ అజానుకు ముందే కబురు వచ్చింది. జుహ్ర్ తరువాత ఆ బాబు జనాజా నమాజు మేమే చేయించాము. ఖబ్రస్తానులో ఆ మూరెడు గుంతను పూడ్చటానికి ఎంతోసేపు పట్టలేదు.

తరువాత విన్న సంగతులు ఇవి. నీళ్ళు పోస్తే విరేచనాలు ఎక్కువవుతాయని ఇంట్లో పెద్దలు బిడ్డకు పొద్దుటి నుండి నీళ్ళూ, తల్లిపాలూ రెండూ ఆపించారు. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు, ఆ రాత్రి ఫోనుకు అందలేదు. ఆయన మాట లేకుండా, మగతోడు లేకుండా ఆసుపత్రికి ఎలా వెళ్ళాలని తల్లి ఆగిపోయింది. మసీదుకు రావటానికి మాత్రం ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. కనుక ఆమె మా వద్దకు వచ్చింది. మేము ఒక్క ప్రశ్న అడగకుండా తిరిగి పంపాము. ఆ కుటుంబం సహనం వహించింది, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకొని హాని కలిగించినవాడు దానికి బాధ్యుడని తెలిపే హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. మదర్సాలో దానిని మేము కంఠస్థం చేశాము. ఇప్పుడు దానిని చదివిన ప్రతిసారీ మాకు ఆ రాత్రి గుర్తుకు వస్తుంది.

సోదరులారా! ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నింపబడే కాపరులేనని దైవప్రవక్త (స) ఉపదేశించారు. బిడ్డ మన సొత్తు కాదు. అల్లాహ్ మన చేతికి అప్పగించిన అమానతు. ఎడారివాసులు కొందరు వచ్చి, మేము చికిత్స చేయించుకొనవచ్చునా అని అడిగినపుడు, చేయించుకోండి అనే దైవప్రవక్త (స) ఆదేశించారు. వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని కూడా తెలియజేశారు.

"తఖ్‌దీరులో ఉన్నది జరుగుతుంది" అని కొందరు అంటారు. తఖ్‌దీరుపై విశ్వాసం మన ఈమానులో భాగమే. కానీ దానిని మనకన్న బాగా ఎరిగినవారు హజ్రత్ ఉమర్ (రజి). సిరియా దేశానికి బయలుదేరిన వారు అక్కడ మహమ్మారి వ్యాపించిందని విని, సర్గ్ అనే చోట నుండి సేనతో సహా వెనుదిరిగారు. అల్లాహ్ విధిరాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించినపుడు, అల్లాహ్ వ్రాసిన ఒక విధి నుండి ఆయనే వ్రాసిన మరొక విధి వైపునకు వెళ్తున్నామని వారు బదులిచ్చారు. రోగం అల్లాహ్ నిర్ణయమైతే, మందు కూడా ఆయన నిర్ణయమే. ఊరిలో ఉన్న ఆసుపత్రీ ఆయన ప్రసాదించిన అనుగ్రహమే. కనుక ఒకదానిని నమ్మి రెండవదానిని వదిలివేయటం తవక్కుల్ అనిపించుకోదు.

ఆ జనాజా తరువాత మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఎవరు బిడ్డను తెచ్చినా, దమ్ చేయకముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాము. పిల్లల వైద్యులను అడిగి తెలుసుకున్న ప్రశ్నలే ఇవి. వీటిని మీరు మీ ఇళ్ళలోనే అడుగుకోవాలని మా కోరిక.

మొదటి ప్రశ్న: బిడ్డ పాలు, నీళ్ళు తాగుతున్నాడా? తాగలేకపోతున్నా, తాగినదంతా వాంతి చేసుకుంటున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండవ ప్రశ్న: చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడు? ఐదారు గంటలుగా పోయకపోయినా, కళ్ళు గుంటలు పడినా, నడినెత్తిమీది మాడు లోపలికి పోయినా, పొట్ట మీద చర్మాన్ని పట్టుకొని వదిలితే ముడుత వెంటనే సర్దుకోకపోయినా ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం.

విరేచనాలలో ప్రాణం తీసేది ఈ నీటి లోటే. కాబట్టి నీళ్ళు ఆపటం కాదు, మరింత ఇవ్వటమే వైద్యం. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపరాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయాన, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలింది. సెలైను సీసాలు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. మరణాలు ఎన్నో రెట్లు తగ్గిపోయాయి. నేడు మనం ఓఆర్ఎస్ అని పిలిచేది ఆ నీటినే. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త వద్ద ఉచితంగా లభిస్తుంది.

పొట్లం మొత్తాన్ని, దానిపై వ్రాసినంత నీటిలో, అనగా పెద్ద పొట్లమైతే 1 లీటరు కాచి చల్లార్చిన నీటిలో, ఒకేసారి కలపాలి. కొంచెం పొడి, కొంచెం నీరు అని అంచనాగా కలపరాదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలుపుకోవాలి. 2 ఏళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో నిదానంగా పట్టాలి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. పొట్లం దొరకని వేళ 1 లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని. విరేచనాలు ఆగిపోయినా వైద్యులు ఇచ్చిన జింకు మాత్రలను 14 రోజులు పూర్తిగా వేయాలి. విరేచనాలలో రక్తం పడితే ఇంటి వైద్యం వద్దు, ఆసుపత్రికే వెళ్ళాలి.

మరొక మాట. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి తీపి పానీయాలను అట్టడబ్బాలలో అమ్ముతూ వచ్చారు. అధిక చక్కెర వలన అవి విరేచనాలను పెంచగలవు. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి దీనిపై పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కనుక కొనేటపుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని వ్రాసి ఉన్నదో లేదో చూసుకోండి.

మూడవ ప్రశ్న: ఊపిరి ఎలా తీస్తున్నాడు? జలుబు, దగ్గు పిల్లలకు తరచూ వస్తాయి, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కానీ డొక్కలు ఎగరేస్తుంటే, ఊపిరి తీసినపుడు పక్కటెముకల కింద భాగం లోపలికి పోతుంటే అది న్యుమోనియా కావచ్చు. బిడ్డ నిద్రపోతున్నపుడో, ప్రశాంతంగా ఉన్నపుడో చొక్కా పైకెత్తి పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కించండి. 2 నెలల లోపు పసికందుకు 60, 2 నుండి 12 నెలల బిడ్డకు 50, 1 నుండి 5 ఏళ్ళ బిడ్డకు 40, ఈ సంఖ్యలకు చేరినా, మించినా వెంటనే వైద్యులకు చూపించాలి. తస్బీహ్ లెక్కించటం తెలిసిన మనకు ఇది కష్టమైన పని కాదు. మిగిలిపోయిన పాత మందును, పొరుగింటి బిడ్డకు పనిచేసిన మందును పోయవద్దు. ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగే తండ్రులారా! ఆ పొగ మీ బిడ్డ ఊపిరితిత్తులలోకే వెళ్తున్నది.

నాలుగవ ప్రశ్న: పిలిస్తే కళ్ళు తెరిచి చూస్తున్నాడా? మగతగా పడి ఉన్నా, లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా అది మసీదుకు తీసుకురావలసిన సమయం కాదు. 108కి ఫోను చేయవలసిన సమయం. మూడు నెలలు నిండని బిడ్డకు ఒళ్ళు కాలితే చాలు, అదే రోజు, అదే గంటలో వైద్యుల వద్దకు వెళ్ళాలి.

జ్వరం వచ్చిన బిడ్డకు దుప్పట్లు కప్పి కిటికీలు మూసివేయరాదు. పలుచని బట్టలు వేసి, గాలి ఆడనిచ్చి, పాలు, నీళ్ళు తరచూ ఇవ్వాలి. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది కనుక వైద్యులు చెప్పినంతే ఇవ్వాలి. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. ఫిట్స్ వచ్చినపుడు మనవాళ్ళు చేతిలో తాళాల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపుతారు, పళ్ళ మధ్య చెంచా దూర్చుతారు. వీటి వలన మేలు లేదు. చెంచా వలన గాయం కూడా కావచ్చు. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటిలో ఏమీ పెట్టకుండా, గడియారం చూసుకుంటూ ఆసుపత్రికి బయలుదేరాలి. 5 నిమిషాలకు ఆగకపోతే అది ప్రాణాపాయం.

కామెర్లకనీ, ఫిట్స్‌కనీ పసి ఒంటిపై వాతలు పెట్టే దురాచారం కొన్ని చోట్ల ఇంకా ఉన్నది. ఉమ్మె ఖైస్ బిన్తె మిహ్‌సన్ (రజి) ఒకసారి తమ పసిబిడ్డను దైవప్రవక్త (స) సన్నిధికి తెచ్చారు. గొంతు వాపునకు ఆనాటి ఆచారం ప్రకారం బిడ్డ గొంతులో వేలు పెట్టి నొక్కి ఉన్నారు. పిల్లలను ఇలా ఎందుకు బాధపెడుతున్నారని మందలించి, దానికి బదులుగా దైవప్రవక్త (స) ఒక ఔషధాన్ని సూచించారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉన్నది. బిడ్డను హింసించే వైద్యాన్ని వారు ఆపించారు, మందు వాడమన్నారు. సున్నత్ ఇదే.

సోదరీమణులారా! మనం ప్రేమతో, ధర్మమని భావించి చేసే రెండు పనుల గురించి కూడా చెప్పవలసి ఉన్నది.

ఒకటి తేనె. తేనెలో మానవులకు స్వస్థత ఉన్నదని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తున్నది. అందులో మనకు సందేహం లేదు. అయితే సంవత్సరం నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. తేనెలో కొన్నిసార్లు ఉండే ఒక సూక్ష్మజీవి పసిపేగులలో పెరిగి, కండరాలను చచ్చుబడజేసే విషాన్ని పుట్టించగలదు. పెద్దవారి పేగులు దానిని తట్టుకోగలవు, పసికందు తట్టుకోలేదు. తహ్‌నీకు సున్నత్‌ను దైవప్రవక్త (స) ఖర్జూరంతో నెరవేర్చారు. వైద్యులను అడిగి, చేతులు శుభ్రంగా కడుగుకొని, మెత్తని ఖర్జూరాన్ని లేశమాత్రం అంగిలికి తాకిస్తే చాలు. ఆ పైన గుట్టీ వద్దు, చక్కెర నీళ్ళు వద్దు. ముర్రుపాలను పారబోయవద్దు, బిడ్డకు రోగాలను ఎదుర్కొనే శక్తిని ఇచ్చేది అదే. ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తరువాత మెత్తని ఇంటి భోజనంతో పాటు రెండేళ్ళ వరకు తల్లిపాలు. రెండేళ్ళ ఆ గడువును సూరా బఖరాలో అల్లాహ్ స్వయంగా ప్రస్తావించాడు. పాలిచ్చే తల్లి బలహీనపడితే రమజాను ఉపవాసాన్ని వాయిదా వేసుకొనే సౌలభ్యం కూడా షరీఅతు ఇచ్చింది. దానిని వాడుకున్న కోడలిని ఎవరూ నిందించరాదు.

రెండవది సుర్మా. బజారులో అమ్మే సుర్మాలలో అనేకం సీసపు ఖనిజంతో తయారవుతాయి. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బిడ్డ కళ్ళు నలుముకొని ఆ వేళ్ళనే నోటిలో పెట్టుకుంటాడు. కనుక శిశువుల కళ్ళకు సుర్మా, కాటుక పెట్టకండి. నజరు నుండి రక్షణకు దైవప్రవక్త (స) తమ మనుమలు హసన్, హుసైన్ (రజి)ల కొరకు అల్లాహ్ శరణు కోరుతూ దుఆ చేసేవారు. ఆ దుఆ మనకు సరిపోతుంది.

ఇక టీకాల సంగతి. 2017 ఆగస్టులో మన రెండు తెలుగు రాష్ట్రాలలో తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైనపుడు కొందరు యువకులు మాకు ఫోనులో వచ్చిన సందేశాలు చూపారు. ఈ సూది మన పిల్లలకు సంతానం కలుగకుండా చేస్తుందని వాటిలో ఉన్నది. మేము వారిని ఒకటే అడిగాము. హజ్‌కు వెళ్ళే ముందు మీ నాన్నగారు మెనింజైటిస్ టీకా వేయించుకున్నారా లేదా? పోలియో చుక్కలు కూడా వేసుకున్నారా లేదా? వేసుకున్నారు. పవిత్ర మక్కాకు వెళ్ళటానికి స్వీకరించిన దానిని ఇంట్లోని ఉయ్యాల వద్ద ఎందుకు అనుమానించాలి? మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదయింది. 2014 మార్చిలో దేశాన్ని పోలియో రహితంగా ప్రకటించారు. ఇది ఇంటింటికీ తిరిగి వేసిన రెండు చుక్కల ఫలితం. ఆ పనిలో ఎందరో ఉలమాలు మసీదుల నుండి పిలుపునిచ్చి సహకరించారు.

పుట్టిన వెంటనే బీసీజీ, పోలియో, హెపటైటిస్ టీకాలు, తరువాత 6, 10, 14 వారాలకు, 9 నెలలు నిండగానే, మళ్ళీ 16 నుండి 24 నెలల మధ్య వేయవలసినవి ఉన్నాయి. అన్నీ ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. టీకా వేసిన రోజు కొద్దిపాటి జ్వరం రావటం సహజం. దానికి భయపడి తరువాతి టీకా మానకండి. తప్పిపోయి ఉంటే, ఆలస్యమైందని సిగ్గుపడక కార్డు తీసుకొని వెళ్ళండి.

తండ్రులారా! చివరి మాట మీతో. ఆ బాబు మరణానికి విరేచనాలు ఒక కారణమైతే, ఆ తల్లి చేతులు కట్టివేసి ఉండటం రెండవ కారణం. మీరు దూరదేశంలో ఉన్నా, పొలంలో ఉన్నా, దుకాణంలో ఉన్నా, బిడ్డకు బాగులేకపోతే నన్ను అడగకుండానే ఆసుపత్రికి వెళ్ళమని మీ భార్యకు ఈ రోజే చెప్పండి. ఇంట్లో పెద్దల ముందు చెప్పండి. ఆటో ఖర్చుకు, మందులకు కొంత సొమ్ము ఆమె చేతిలో ఉంచండి. అత్తమ్మలారా! మీ అనుభవం గొప్పది, మీరు పెంచిన బిడ్డలే ఈ రోజు ఈ సఫ్‌లలో నిలబడి ఉన్నారు. కానీ కోడలు "నాకు భయంగా ఉన్నది" అన్నపుడు ఆ మాటను తోసివేయకండి. తల్లి భయం చాలాసార్లు అందరికన్న ముందుగా నిజాన్ని పసిగడుతుంది. నమాజు చేయిస్తూ ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందో ఎరిగి, దైవప్రవక్త (స) నమాజునే సంక్షిప్తం చేసేవారు. అటువంటి ప్రవక్త ఉమ్మతులో తల్లి మాటకు విలువ లేకుండా పోవచ్చునా?

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిని మీరెరుగుదురు. తన పరిచారిక ప్రసవంలో మరణించినందుకు చలించిపోయిన యువరాణి నీలోఫర్ తలపెట్టిన ఆసుపత్రి అది. ఒక్క మరణాన్ని చూసి ఆమె అంతటి పనికి పూనుకున్నది. మన శక్తి అంతటిది కాకపోవచ్చు. అయితే మన మసీదు కమిటీ ఈ వారం ఒక చిన్న పనికి అంగీకరించింది. వుజూ ఖానా పక్కనున్న గదిలో ఎల్లప్పుడూ ఓఆర్ఎస్ పొట్లాలు ఉంటాయి. రాత్రివేళ బిడ్డను ఆసుపత్రికి చేర్చటానికి ఇద్దరు ఆటో సోదరులు ముందుకు వచ్చారు, ఖర్చు బైతుల్‌మాల్ నుండి ఇవ్వబడుతుంది. మా తలుపు ఏ జామున తట్టినా మేము లేస్తాము. నాలుగు ప్రశ్నలు అడుగుతాము. అవసరమైతే మీతో పాటు ఆటోలో కూర్చుని, దారి పొడుగునా దుఆ చేస్తూ వస్తాము.

సోదరులారా! దైవప్రవక్త (స) వారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీం పసితనంలోనే కన్నుమూశాడు. ఆ బిడ్డను ఒడిలోకి తీసుకొని వారు కన్నీరు కార్చారు. బిడ్డల ఆయుష్షు అల్లాహ్ చేతిలో ఉన్నది, మనం అన్నీ చేసినా కొందరు మనలను వీడిపోతారు. అప్పుడు సబ్ర్ మన ఆశ్రయం. కానీ చేయవలసినది చేసిన తరువాతి సబ్ర్‌కు, చేయక కూర్చున్న తరువాతి పశ్చాత్తాపానికి ఎంత తేడా ఉన్నదో మేము రుచి చూసి చెబుతున్నాము. ఆ రెండవది మీలో ఎవరికీ రాకూడదు.

యా అల్లాహ్! మా బిడ్డలకు ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును, ఈమానును ప్రసాదించు. వ్యాధిగ్రస్తులైన పసివారికి సంపూర్ణ స్వస్థతనివ్వు. రాత్రింబవళ్ళు వారికి సేవ చేస్తున్న వైద్యులకు, నర్సులకు, ఆశా కార్యకర్తలకు మంచి ప్రతిఫలమివ్వు. బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులకు ఊరటనిచ్చి, ఆ చిన్నారులను వారికి స్వర్గానికి ముందుగా వెళ్ళిన నిధిగా చేయి. తెలియక మేము చేసిన తప్పులను క్షమించు, తెలిసిన తరువాత అలసత్వం చేయకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.